ఒక కప్పు కింద రెండు కాపురాలు

అన్నదమ్ములు వేరుపడి కూడా ఒకే ఇంట్లో ఉండటం మన ఊళ్లలో చూసే ఉంటారు. కప్పు ఒకటే, పునాది ఒకటే, పొయ్యిలు మాత్రం రెండు. నడుమ ఒక తలుపు ఉంటుంది. పగలు అది తెరిచే ఉంటుంది. ఒక ఇంట్లో పండిన కూర రెండో ఇంటికి గిన్నెలో వెళుతుంది. రాత్రి మాత్రం గడియ పడుతుంది. ఎవరి దీపం వారిది, ఎవరి ఖర్చు వారిది. తలుపు ఎప్పుడూ మూసే ఉంటే చుట్టరికం పోతుంది, ఎప్పుడూ తెరిచే ఉంటే ఒకరి అప్పు రెండోవారి గాదె దాకా వస్తుంది.

అమెరికాలో మోటార్‌హోమ్ అని పిలిచే బండి ఒకటుంది. నేను దాన్ని ఇంటిబండి అంటాను. ఆ బండిలో విద్యుత్తు నడిచే పద్ధతి సరిగ్గా ఈ వేరు కాపురం లాంటిదే. కథలూ పద్యాలూ రాసుకునే చోట బ్యాటరీల గోల ఏమిటని మిత్రులు కొందరు నొసలు ముడివేయవచ్చు. కొంచెం ఓపిక పట్టమని మనవి. ఈ గోల మధ్యలో మా నాన్నగారు ఉన్నారు, ఆయన ఒక రాత్రి నిద్ర ఉంది.

ముందు బండి సంగతి. ఇంటిబండిలో వంటగది, పడకలు, స్నానాలగది, చలికి వెచ్చబరిచే యంత్రం అన్నీ ఉంటాయి. దాని కడుపులో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. మొదటిది ఇంజనుది. తాళం తిప్పగానే ఇంజనును కదిలించడం దాని పని. ఆ కొద్ది క్షణాలలో వందల ఆంపియర్లు ఇవ్వాలి, ఆపైన దానికి పెద్దగా పనిలేదు. అందుకే దాని లోపల పలుచటి సీసపు పలకలు ఎక్కువగా పేరుస్తారు. పలకల వైశాల్యం పెరిగేకొద్దీ ఒక్కసారిగా ఇవ్వగలిగే ప్రవాహం పెరుగుతుంది. రెండోది ఇంటి బ్యాటరీ. దీపాలు, నీళ్ల పంపు, వెచ్చబరిచే యంత్రంలోని పంకా దీని మీద నడుస్తాయి. దీనికి ఉరుకు అక్కరలేదు, ఓర్పు కావాలి. కనుక దాని పలకలు మందంగా ఉంటాయి. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇస్తూ, సగం దాకా ఖాళీ అయి, మళ్లీ నిండటం దాని బ్రతుకు. మొదటిది పరుగు పందెగాడు, రెండోది కావడి మోసేవాడు. ఒకరి పని మరొకరికి అప్పజెబితే ఇద్దరూ త్వరగా మంచాన పడతారు.

సీసపు బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. మూల సూత్రం నేటికీ మారలేదు. ఒక పలక మీద సీసం, మరో పలక మీద సీసపు డయాక్సైడు, రెంటి నడుమ సజల గంధకామ్లం. విద్యుత్తు వాడుకుంటున్నకొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది, ఆమ్లం పలుచనవుతుంది. తిరిగి విద్యుత్తు ఎక్కిస్తే సల్ఫేటు కరిగి మొదటి స్థితి వస్తుంది. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే మాత్రం ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అవి మళ్లీ పూర్తిగా కరగవు. వడ్డీ కట్టని అప్పులాగా బ్యాటరీని అది లోలోపల తినేస్తుంది.

బ్యాటరీ ఎంత నిండి ఉందో వోల్టులు చెబుతాయి. కొంతసేపు ఏ పనీ చేయించకుండా విశ్రాంతి ఇచ్చి కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపుతుంది. 12.1 దగ్గర సగం ఖాళీ అయినట్టు లెక్క. పైకి చూస్తే తేడా అర వోల్టే. ఆ అర వోల్టులోనే సగం గాదె ఉంది. సగానికి కిందికి మాటిమాటికీ దించితే సీసపు బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

ఇక నింపడం. ఇంటి బ్యాటరీకి మూడు దారుల్లో తిండి అందుతుంది. శిబిరంలో కరెంటు స్తంభం ఉంటే బండి తీగను దానికి తగిలిస్తారు. లోపలున్న కన్వర్టరు 120 వోల్టుల ఏసీని మార్చి బ్యాటరీకి పంపుతుంది. కప్పు మీద సౌరఫలకాలుంటే అవి రెండో దారి. మూడోది ఇంజనుకు కట్టిన ఆల్టర్నేటరు. బండి నడుస్తున్నంతసేపూ అది సుమారు 14 వోల్టుల దగ్గర విద్యుత్తు పుట్టిస్తుంది. మంచి చార్జరు కడవ నింపే ఇల్లాలిలాగా పనిచేస్తుంది. మొదట ధార పూర్తిగా వదులుతుంది. అంచు దగ్గరపడగానే 14.4 వోల్టుల చోట నిలిపి ధారను సన్నగిస్తుంది. నిండాక 13.5 దగ్గరికి దించి, ఇంకిపోయినంత మేరకే పోస్తూ ఉంటుంది. పాతకాలపు కన్వర్టర్లకు ఈ నేర్పు లేదు. అవి ఎప్పుడూ ఒకే వోల్టు దగ్గర కూర్చుంటాయి. అందుకే నింపడానికి చాలా సేపు పడుతుంది, నిండాక నీరు ఆవిరవుతుంది.

ఇప్పుడు నడుమనున్న తలుపు దగ్గరికి వద్దాం. ఆల్టర్నేటరు ఇంజను పక్షానిది. అది పుట్టించిన విద్యుత్తు ఇంటి బ్యాటరీకి అందాలంటే రెంటినీ కలపాలి. కలిపి వదిలేస్తే రాత్రి దీపాలూ పంకాలూ ఇంజను బ్యాటరీని కూడా తాగేస్తాయి, తెల్లవారి తాళం తిప్పితే ఎడారి మధ్యలో నిశ్శబ్దమే సమాధానం. కనుక ఇంజను నడుస్తున్నప్పుడు కలవాలి, ఆగినప్పుడు విడిపోవాలి. ఈ పని చేసే చిన్న డబ్బాయే సోలినాయిడ్.

సోలినాయిడ్ అన్న మాటను పుట్టించినవాడు ఆంపియర్. గ్రీకు భాషలో గొట్టాన్ని సూచించే మాట నుంచి తీసుకున్నాడు. తీగలో విద్యుత్తు పారితే పక్కనున్న అయస్కాంతపు ముల్లు కదులుతుందని 1820లో ఆయిర్‌స్టెడ్ చూపించాడు. ఆ తీగను గొట్టంలా చుడితే అది అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని ఆంపియర్ గ్రహించాడు. 1825లో విలియం స్టర్జన్ లోపల ఇనుము పెట్టి విద్యుదయస్కాంతం చేశాడు. చేత్తో ఇనుప కడ్డీ తిప్పి ఇంజనును లేపే బాధ తప్పిస్తూ చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. మనం నేటికీ "సెల్ఫ్ కొట్టు" అంటున్నది ఆ పుణ్యమే.

మన డబ్బా పిడికిలంత ఉంటుంది. బయటికి రెండు పెద్ద రాగి బోల్టులు, రెండు చిన్న బోల్టులు కనబడతాయి. పెద్దవాటిలో ఒకటి ఇంజను బ్యాటరీకి, ఒకటి ఇంటి బ్యాటరీకి. చిన్నవి లోపలి తీగచుట్టవి. తాళం తిప్పితే చుట్టలోకి ఒక ఆంపియరు కూడా మించని ప్రవాహం వెళుతుంది. చుట్ట అయస్కాంతమై ఒక ఇనుప కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీకి అమర్చిన రాగి బిళ్ళ వెళ్లి రెండు పెద్ద బోల్టుల తలలకు ఒకేసారి అంటుకుంటుంది. 'టక్' మని చప్పుడు. తలుపు తెరుచుకుంది. తాళం తీయగానే స్ప్రింగు బిళ్ళను వెనక్కి నెడుతుంది. గడియ పడింది. కరెంటు పోగానే మన ఇళ్లలో ఇన్వర్టరు 'టక్' మనడం మీరు ఎన్నిసార్లు వినలేదు? అదీ దీని చిన్న చెల్లెలే.

కొన్ని బండ్లలో తాళంతో పని లేకుండా, ఇంజను పక్షాన వోల్టులు 13 దాటినప్పుడే చుట్టకు అనుమతి ఇచ్చే చిన్న పలక ఉంటుంది. ఇంజను నిజంగా నడుస్తోందని అది అలా పోల్చుకుంటుంది. చాలా బండ్లలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఇంజను బ్యాటరీ నీరసించిన ఉదయం చోదకుడి దగ్గరున్న ఒక మీట నొక్కితే అదే సోలినాయిడ్ మూసుకుని ఇంటి బ్యాటరీ బలాన్ని ఇంజనుకు అరువిస్తుంది. తమ్ముడి గాదె నుంచి అన్నకు చేబదులు. ఈ పనికి డయోడును వాడిన బండ్లూ ఉన్నాయి. అది ఒకవైపే తెరుచుకునే కవాటం, చేబదులుకు పనికిరాదు. పైగా దారి సుంకంగా 0.6 లేదా 0.7 వోల్టులు తినేస్తుంది. 14.2 బయలుదేరితే 13.5 చేరుతుంది. అంతతో కడవ అంచు దాకా నిండదు.

ఇక అసలు సంగతి. 2019 అక్టోబరులో నాన్నగారు మా దగ్గర ఉన్నారు. అద్దంకి వైపు మా ఊరు. నలభై ఏళ్ల పైచిలుకు బావి మోటారుతో వ్యవసాయం చేసిన మనిషి. అమ్మ పోయిన తరువాత మొదటిసారి వచ్చారు. ఇక్కడ ఆయనకు తోచేది కాదు. ఉదయాన లేచి మా ఇంటి ముందరి గడ్డి వంక చూసి, "దీనికింత నీళ్లు పెడతారు, కోసి పశువుకు వెయ్యరు, ఏం లాభంరా" అనేవారు. ఏ పనికి చెయ్యి పెట్టబోయినా మేము వద్దనేవాళ్లం. మర్యాద అనుకునే చేసేవాళ్లం. మర్యాద మనిషిని ఎంత ఖాళీగా కూర్చోబెట్టగలదో ఆయన ముఖంలో కనబడేది.

ఆయనకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది. రాత్రంతా ముక్కుకు తొడుగు తగిలించి గాలి పంపే యంత్రం, సీపాప్, నడవాలి. లేకపోతే మాటిమాటికీ ఉలిక్కిపడి లేస్తారు, మరునాడు తల బరువు, రక్తపు పోటు పెరగడం. ఆ యంత్రాన్ని బ్యాటరీ నుంచి నేరుగా నడిపే తీగ మా దగ్గర ఉంది. నీటి ఆవిరి పెట్టుకోకుండా వాడితే గంటకు రెండు మూడు ఆంపియర్లకు మించదు. ఆ ధైర్యంతోనే యూటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్ చూపిద్దామని మా వాడిన ఇంటిబండిలో బయలుదేరాం. మా బండికి జనరేటరు లేదు. అమ్మిన అంగడివారు ఇంటి బ్యాటరీలు కొత్తవి వేసి ఇచ్చారు. "పాతవి నిలవడం లేదు, అందుకే మార్చాం" అని చెప్పారు. ఆ మాటకు అర్థం తరువాత తెలిసింది.

తొలిరాత్రి నెవాడా ఎడారిలో, కరెంటు స్తంభాలు లేని చోట ఆగాం. తెల్లవారి చూస్తే నాన్నగారు ముందు సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. మూడు గంటల వేళ యంత్రం ఆగిపోయిందట.

"మమ్మల్ని లేపాల్సింది మామయ్యగారూ" అంది నా భార్య.

"మీరు పగలంతా బండి నడిపిన వాళ్లు. లేచి మాత్రం ఏం చేస్తారమ్మా? ఊరికే నిద్ర చెడటం తప్ప" అన్నారు.

కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ మాటలో కినుక లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాలుగు గంటలకు పైగా నడిపి మధ్యాహ్నానికి కనాబ్ అనే ఊరు చేరాం. అన్ని గంటల ప్రయాణంలో బ్యాటరీ నిండి ఉండాలి కదా. ఇంజను ఆపకుండానే మీటరు పెట్టి చూశాను. ఇంజను బ్యాటరీ దగ్గర 14.2. ఇంటి బ్యాటరీ దగ్గర 12.2. అంటే ఇంటివైపు దాదాపు ఏమీ రావడం లేదు. ఇంజను ఆపి మళ్లీ తాళం తిప్పించాను. 'టక్'. సోలినాయిడ్ పనిచేస్తున్నట్టే వినబడింది. చుట్ట బోల్టు దగ్గర కూడా వోల్టులు సరిగానే ఉన్నాయి.

ఆ రాత్రి సంగతి లెక్క వేశాను. బ్రైస్ శిబిరాలు దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉంటాయి. అక్టోబరు రాత్రులు గడ్డకట్టే చలి. పార్కు శిబిరంలో కరెంటు స్తంభాలు లేవు. వెచ్చబరిచే యంత్రపు పంకాకు 7 ఆంపియర్లు. రాత్రిలో సగం సేపు తిరిగితే 35 ఆంపియర్ గంటలు. నాన్నగారి యంత్రానికి 20. మిగతా చిల్లర ఖర్చులకు 5. మొత్తం 60. మా బ్యాటరీలు రెండు కలిపి 225 ఆంపియర్ గంటలవి. సగం ఖాళీగా బయలుదేరితే తెల్లవారేసరికి పావు వంతుకు దిగుతాయి. చలిలో బ్యాటరీ శక్తి ఇంకా తగ్గుతుంది. అంటే నడిరేయి దాటాక చలియంత్రమో, ఊపిరి యంత్రమో, ఏదో ఒకటి ఆగుతుంది. తిరిగి వెళ్లిపోదామా అని మేమిద్దరం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నాం.

నాన్నగారు దిగి వచ్చి, "ఇంకోసారి తిప్పమను" అన్నారు. 'టక్' మంది. ఇంకోసారి తిప్పించారు. తల పంకించి, "లాగుతోంది. పాయింట్లు అంటుకోవడం లేదు. లాగినంత మాత్రాన అంటుకున్నట్టు కాదురా" అన్నారు.

వ్యవసాయపు మోటార్లతో పరిచయం ఉన్నవారికి ఈ మాట వెంటనే బోధపడుతుంది. బావి దగ్గరి స్టార్టరు డబ్బాలో కూడా ఒక కాయిల్ ఉంటుంది. పచ్చమీట నొక్కితే అది లాగుతుంది, మూడు జతల పాయింట్లు మూసుకుని మూడు ఫేజులు మోటారుకు అందుతాయి. కలిసేటప్పుడూ విడిపోయేటప్పుడూ నిప్పురవ్వలు లేచి పాయింట్లు నల్లబడతాయి, గుంటలు పడతాయి. ఒక జత అంటుకోకపోయినా చప్పుడు మాత్రం మామూలుగానే వస్తుంది. మోటారు మాత్రం తిరగకుండా గీ పెడుతుంది, క్షణాలలో ఆపకపోతే వైండింగు కాలిపోతుంది. రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో టార్చి పట్టుకుని చేనికి వెళ్లి, ఆ చప్పుడుకూ ఈ చప్పుడుకూ తేడా చెవితోనే పట్టిన మనిషి ఆయన. గరుకు కాగితంతో ఎన్ని పాయింట్లు రుద్దారో ఆయనకే తెలియదు.

మీటరు ముళ్ళు రెండూ సోలినాయిడ్ పెద్ద బోల్టుల మీద చెరొకటి పెట్టాను. ఇంజను నడుస్తోంది, డబ్బా లాగే ఉంది. బిళ్ళ సరిగా అంటుకుంటే రెండు బోల్టుల నడుమ వోల్టులు ఇంచుమించు సున్నా చూపాలి. 0.2 దాటకూడదు. నాకు 1.9 చూపింది. ఆల్టర్నేటరు పంపుతున్నదంతా ఆ కాలిన బిళ్ళ దగ్గరే ఆగిపోతోంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పక తప్పదు. 14.2కూ 12.2కూ తేడా 2 వోల్టులే. ప్రవాహాన్ని నెట్టే బలమంతా ఆ రెండే. దారి మొత్తం నిరోధం 0.04 ఓములైతే 50 ఆంపియర్లు పారతాయి. కాలిన పాయింట్ల వల్ల దానికి ఇంకో అర ఓము తోడైతే నాలుగు ఆంపియర్లు కూడా పారవు. గుమ్మడికాయంత కాలువలో గుప్పెడు మట్టి చాలు. కొత్త బ్యాటరీలు ఎందుకు నిలవలేదో, వాటికి ముందువి ఎందుకు నిలవలేదో అప్పుడు తేటపడింది. తిండి అందని మనిషిని చూసి బలహీనుడని తేల్చి, అతని స్థానంలో మరొకరిని తెచ్చి పస్తు పెట్టారు.

ఊళ్లోని విడిభాగాల దుకాణానికి వెళ్లాం. కుర్రవాడు ఒక సోలినాయిడ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదే ఆకారం, అదే కొలత. కాని అది స్టార్టరు రకం. ఇవి చూడటానికి కవలల్లా ఉంటాయి, లోపల మాత్రం వేరు. స్టార్టరు రకం కొన్ని క్షణాలు పనిచేసి ఆగడానికి చేసినది. దాని చుట్ట నిరోధం సుమారు 4 ఓములు. 14 వోల్టులు తగిలిస్తే మూడున్నర ఆంపియర్లు తాగి దాదాపు 50 వాట్ల వేడి పుట్టిస్తుంది. క్షణకాలానికి ఫరవాలేదు, గంటల తరబడి ఉంచితే మాడిపోతుంది. మనకు కావలసింది నిరంతరం పనిచేసే రకం. దాని చుట్ట సుమారు 15 ఓములు, ఆంపియరు లోపే తీసుకుంటుంది, చేత్తో తాకితే వెచ్చగా మాత్రమే ఉంటుంది. డబ్బా మీద అక్షరాలు లేకపోయినా చిన్న బోల్టుల నడుమ ఓములు కొలిస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. కుర్రవాడు మళ్లీ లోపలికి వెళ్లి రెండో రకం తెచ్చాడు. కొలిచాను. 15 పైచిలుకు. నాన్నగారు మీటరు వంక చూసి, తానే కొన్నట్టుగా జేబు తడుముకున్నారు.

బిగించడం పెద్ద పని కాదు, జాగ్రత్త కావలసిన పని. ముందు రెండు బ్యాటరీల రుణ తీగలూ విప్పాం. లేకపోతే రెంచి పొరపాటున బండి ఇనుముకు తగిలితే వెల్డింగు మెరుపులు చూడవలసి వస్తుంది. పాతదాని నుంచి ఒక్కొక్క తీగ విప్పి కొత్తదాని మీదికి మార్చాం. తీగ కొసల మీది పచ్చని చిలుమును నాన్నగారు గరుకు కాగితంతో రుద్దారు. వద్దని ఎవరూ అనలేదు. నేను రెంచి పట్టుకుంటే ఆయన తీగ పట్టుకున్నారు. నలభై నిమిషాలు పట్టింది. తాళం తిప్పితే 'టక్'. ముందటి చప్పుడుకూ దీనికీ నా చెవికి తేడా తెలియలేదు. ఆయన మాత్రం, "ఇప్పుడు అంటుకుంది" అన్నారు. మీటరు 0.1 చూపింది.

కనాబ్ నుంచి బ్రైస్ గంటన్నర దారి. ఆ దారి పొడుగునా ఇంటి బ్యాటరీ వోల్టులు 13.3 నుంచి మెల్లగా పైకి ఎక్కుతూ కనబడ్డాయి. గంటకు 45 ఆంపియర్ల చొప్పున వేసుకున్నా 65 ఆంపియర్ గంటలు చేరాయి. ఆ రాత్రి ఖర్చు 60. చేతికీ నోటికీ సరిపోయింది.

రాత్రి చలి బాగా ముదిరింది. పంకా తిరిగి ఆగుతోంది, ఆగి తిరుగుతోంది. దాని వెనుక సన్నగా ఊపిరి యంత్రం చప్పుడు. మూడు గంటలు దాటింది. చప్పుడు ఆగలేదు. నేను మీటరు చూడటానికి లేవలేదు, వింటూ పడుకున్నాను. ఉదయం ఏడు దాటాక నాన్నగారు లేచి తొడుగు తీసి, "ఎండెక్కిందా?" అన్నారు. ఊళ్లో అయిదుకే లేచే మనిషి. ఆ తరువాత చూసిన ఎర్రరాతి స్తంభాల అందం గురించి వేరే టపా రాయవలసిందే. పాత డబ్బాను ఆయన పట్టకారుతో తెరిచి రాగి బిళ్ళ బయటికి తీశారు. అంచంతా నల్లగా, అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు. దాన్ని రుమాలులో చుట్టి ఇండియాకు తీసుకువెళ్లారు. ఊళ్లో ఎవరికి చూపించారో అడగలేదు.

ఇంటిబండ్ల మీద వెళ్లే మిత్రులకు ఉపయోగపడవచ్చని ఇంకో ముక్క. ఇప్పుడు చాలామంది సీసం వదిలి లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు వేస్తున్నారు. ఒక్కొక్క ఘటం 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. బరువు తక్కువ, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కాని వాటి లోపలి నిరోధం చాలా తక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు మామూలు సోలినాయిడ్ గుండా కలిపితే ఆల్టర్నేటరు ఇవ్వగలిగినంతా లాగేస్తాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటరుకు చల్లబడే గాలి తక్కువ, అది వేడెక్కి పాడవుతుంది. అందుకే అలాంటి బండ్లలో ఈ తలుపు స్థానంలో, ఇంత ప్రవాహానికి మించి వెళ్లనివ్వనని పట్టుబట్టే డీసీ చార్జరును అమరుస్తారు. ఇంకొకటి, ఆ బ్యాటరీలను సున్నా డిగ్రీలకు దిగువన చార్జి చేయకూడదు. బ్రైస్ లాంటి చోట ఉదయాన ఇది గుర్తుంచుకోవలసిన మాట.

పాఠ్యపుస్తకాల్లో సోలినాయిడ్‌ను సోలినాయిడ్ అనే అంటారు. కలుపుతలుపు అంటే ఎలా ఉంటుందా అని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. మొన్న ఫోనులో నాన్నగారికి చెబితే, "పాయింట్ల డబ్బా అంటే అందరికీ తెలుస్తుంది గదరా" అని కొట్టిపారేశారు. మీకు ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి.

ఒకే కప్పు కింద ఉంటున్నాం, రోజూ పలకరించుకుంటున్నాం, కాబట్టి అంతా సవ్యంగానే ఉందని అనుకుంటాం. పలకరింపు వినబడుతూనే ఉంటుంది, అవతలి గదికి మాత్రం ఏమీ చేరదు. మీ ఇంట్లోనూ బండిలోనూ ఏదైనా కారణం తెలియకుండా నీరసిస్తుంటే, దాన్ని మార్చే ముందు రెండు పెద్ద బోల్టుల నడుమ ఒకసారి మీటరు పెట్టి చూడండి.